గడప దాటని నీళ్ళు

నిమ్మగడ్డి నుంచి నూనె తీయాలంటే మంట చిన్నదిగా ఉండాలి. రమాదేవి పెద్ద గిన్నెలో తరిగిన గడ్డి వేసి, నీళ్ళు పోసి, మధ్యలో కడిగిన రాయి మీద చిన్న గిన్నె నిలబెట్టి, పైన గుంట మూతను తిరగేసి పెట్టింది. మూత గుంటలో చల్లటి నీళ్ళు పోసింది. అడుగున మరిగిన ఆవిరి ఆ చల్లదనం తగలగానే చుక్కలుగా మారి, మూత మీదుగా చిన్న గిన్నెలోకి జారుతుంది. మూతలో నీళ్ళు వెచ్చబడితే గుడ్డతో పీల్చి తీసి మళ్ళీ చల్లటివి పోయాలి. కట్ట గడ్డీ మరిగిపోయాక చిన్న గిన్నెలో నీళ్ళ మీద సన్నటి పసుపు పొర తేలుతుంది. నూనె అంటే ఆ పొరే. కూతురి చెవి మందుతో వచ్చిన డ్రాపర్‌ని స్పిరిట్‌తో కడిగి దాచుకుంది రమాదేవి. దానితో పొరను పీల్చి చిన్న సీసాలో వేసి, వెలుతురు తగలకుండా బీరువాలో పెట్టేది.

ఈ పని చేస్తున్నంత సేపూ వంటింటి కిటికీ మూసి ఉండాలి. తెరిస్తే బయటి వాసన లోపలికి వస్తుంది. సునామీ నాటి భూకంపానికి పోర్ట్ బ్లెయిర్ పక్కన సిప్పీఘాట్ వైపు పొలాలు కుంగిపోయాయి. అప్పటి నుంచి సముద్రం రోజుకు రెండుసార్లు ఆ పొలాల్లోకి వచ్చి పోతోంది. నీళ్ళు తీసినప్పుడు నల్లటి బురద, కుళ్ళిన వరి మోళ్ళు బయటపడతాయి. ఆ కంపు ఆరేసిన బట్టల్లోకి, కలిపిన అన్నంలోకి వచ్చేది. నాలుగో తరగతి చదివే ధరణి ముక్కుకి అది సోకితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోయి, నీళ్ళెంత దాకా వచ్చాయో చూడమ్మా అనేది. చూసి వచ్చి చెప్పినా మళ్ళీ చూడమనేది. బజారులో కొన్న రూమ్ ఫ్రెష్‌నర్ డబ్బా కొడితే పిల్లకి తుమ్ములు ఆగలేదు. అందుకే రమాదేవి ఈ పని మొదలుపెట్టింది. తుష్నాబాద్ నుంచి కూరలు తెచ్చే నూకయ్య బస్సులో గడ్డి కట్టలు కూడా వేసుకొచ్చేవాడు. లవంగ నూనె మందుల షాపులో పంటినొప్పి కోసం అమ్మేదే. సీసా అడుగున వంటసోడా పోసి, నిమ్మగడ్డి నూనె, లవంగ నూనె చుక్కలు వేసి, పలచటి గుడ్డ మూతిగా కట్టి గది మూలల్లో పెట్టేది. వాసన పలచబడగానే సీసాని ఒకసారి కుదిపేది.

ఆ ఇంట్లో అన్నిటికీ ఏదో ఒక కాపలా ఉంది. అలమరలో ఒక స్టీలు గ్లాసు అంచు మీద మరో గ్లాసు నిలబెట్టి ఉంటుంది. నేల ఏ మాత్రం కదిలినా అది పడి మోగుతుంది. మంచం కింద సర్టిఫికెట్లూ బిస్కెట్లూ పెట్టిన సంచీ ఉంటుంది. ధరణి స్కూలు బూట్లు తలగడ పక్కన ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద కాపలా, ఆ ఇల్లు మేడ మీద ఉండటం.

ఇంటి యజమాని వెంకటాచలం ఆ రోజు మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆయనకి హార్డ్‌వేర్ దుకాణం ఉంది, కాంట్రాక్టు పనులూ చేస్తాడు. చెప్పులు విప్పి, లోపలికి వచ్చి, గట్టిగా ఊపిరి పీల్చి చూశాడు.

"మీ కాడ ఆ కంపు లేదేటమ్మా?" అన్నాడు.

ఆమె సీసాలు చూపించింది. ఆయన ఒకటి తీసి గుడ్డ దగ్గర ముక్కు పెట్టాడు. తర్వాత కుర్చీలో కూర్చుని అసలు సంగతి చెప్పాడు. కరెంటు ఆఫీసులో పనిచేసే నాగేంద్ర అనే అతను బదిలీ అయి వచ్చాడట. భార్యా, చంటిపిల్లాడూ. కింది వాటా చూడ్డానికి వస్తారట. సునామీ నాటి నుంచి ఖాళీగా ఉన్న ఆ వాటాకి తను సున్నం వేయించినా కంపు పోలేదట. ఈ సీసాలేవో కింద కూడా పెట్టి, వాళ్ళు వచ్చినప్పుడు ఆమె కాస్త దగ్గరుంటే బాగుంటుందట. ఆడమనిషి చెబితే ఆడమనిషికి ధైర్యం కదా.

రమాదేవి గరిటె తుడిచి పక్కన పెట్టింది. ఆయన ఆమె ముఖం చూశాడు.

"నాను మిమ్మల్ని బలవంతం చేయట్లేదమ్మా. ఆళ్ళు ముందు మేడే అడిగేరు. మీ మేస్టారున్నారు, ఇవ్వనన్నాను. కింద నచ్చకపోతే మరి ఏటి సేస్తాను? ఆఫీసు వాళ్ళు లీజు రాసిస్తామంటన్నారు. మీరు కిందకి దిగాల. మీరు అలవాటు పడినోళ్ళు కదా, సర్దుకుంటారు."

మంచి మాటలాగే అన్నాడు. వెళ్ళేటప్పుడు ధరణి తల నిమిరాడు.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చిన భర్త సత్యారావుకి చెప్పింది. అతను టీ గ్లాసు కింద పెట్టాడు. ఊళ్ళో ఇళ్ళు దొరకటం లేదని, లిటిల్ అండమాన్ నుంచీ కార్ నికోబార్ నుంచీ సునామీకి ఇళ్ళు పోయి వచ్చినవాళ్ళతో ఉన్న గదులన్నీ నిండిపోయాయని అతనికి తెలుసు. ఆఖరికి, వాసన తగ్గించడం అబద్ధం చెప్పడం కాదు కదా అన్నాడు. రమాదేవికి ఆ మాట నచ్చింది. నచ్చినందుకు లోపల ఎక్కడో కలుక్కుమంది.

నీళ్ళు తీసిన వేళ చూసుకుని ఆమె కిందకి దిగింది. వెంకటాచలం తాళం ఇచ్చి వెళ్ళాడు. గోడలకు మోకాలెత్తు వరకూ ఉప్పు పొంగి, కొత్త సున్నం పొట్టులా లేచి ఉంది. కొబ్బరి పీచుతో రుద్దితే తెల్లటి పొడి రాలింది. మళ్ళీ రుద్దితే మళ్ళీ రాలింది. ఊడ్చి ఎత్తి పోసింది. నేలని ఫినాయిలుతో కాక నిమ్మతొక్కలు మరిగించిన నీళ్ళతో తుడిచింది. స్పిరిట్‌లో ముందు నూనె కలిపి, అది కరిగాక కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాలో నింపి కిటికీ తెరలకు కొట్టింది. నాలుగు మూలల్లో నాలుగు సీసాలు పెట్టింది. గది మధ్య నిలబడి కళ్ళు మూసుకుని వాసన చూసింది. నిమ్మగడ్డి, దాని వెనక లవంగం, ఆ రెంటి వెనక సన్నగా, మొండిగా, బురద.

అది ఎక్కడి నుంచి వస్తోందో ఆమెకు తెలుసు. మేడ మీద నుంచి ఎన్నోసార్లు చూసింది. అమావాస్యకీ పున్నమికీ వచ్చే పెద్ద పోటు రోజుల్లో ఈ ఇంట్లోకి సముద్రం వీధి గుమ్మంలోంచి రాదు. స్నానాల గది తూములోంచి వస్తుంది. ముందు గుడగుడమని చప్పుడు, తర్వాత నల్లటి నురుగు, ఆ వెనక నీళ్ళు. వంటింటి దాకా పాకి, కాసేపు నిలబడి, వచ్చిన దారినే పోతాయి. పోయాక తూము నోట్లో ఆ కంపు మిగిలి ఉంటుంది.

ఆమె పాత చీర ముక్కని లవంగ నూనె కలిపిన నీళ్ళలో తడిపి, పిండి, ఉండ చుట్టి తూములో కుక్కింది. పైన ఇటుక పెట్టింది. ఇటుక మీద బకెట్ బోర్లించింది. మళ్ళీ గదిలోకి వచ్చి వాసన చూసింది. ఈసారి బురద లేదు.  పని అంత బాగా కుదిరినందుకే ఆమెకు భయమేసింది.

వాళ్ళు కూడా నీళ్ళు తీసిన వేళకే వచ్చారు. ఆ వేళ వెంకటాచలమే చెప్పి ఉంటాడు. నాగేంద్ర కరెంటు బోర్డు, స్విచ్చులు, మీటరు చూస్తూ తిరిగాడు. అతని భార్య రాధిక పాతికేళ్ళ పిల్ల, ఎముకలు తేలిన మనిషి. ఇంకా పాకడం రాని కొడుకు లోహిత్‌ని భుజానేసుకుని, చెప్పులు బయటే విప్పి, ఉత్త పాదాలతో నేలంతా నెమ్మదిగా నడిచింది. గోడకి అరచెయ్యి ఆనించి చూసింది. స్నానాల గది తలుపు తోసి, లోపలికి చూసి, మళ్ళీ దగ్గరగా వేసింది. సీసాల దగ్గర వంగి, ఇదేటి దీదీ, బాగుంది అంది, ఈ దీవుల్లో అందరిలా హిందీ కలిపి. రమాదేవి చెప్పింది. మేడ మీద నుంచి తెచ్చిన టీ ఇచ్చింది. పిల్లాడు ఆమె గాజులు పట్టుకుని లాగాడు.

రాధిక టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు అడిగింది.

"దీదీ, ఈ ఇంట్లోకి నీళ్ళొస్తాయా?"

వెంకటాచలం కిటికీ గడియ సరిచేస్తూ ఆగాడు. మేడ మీద ధరణి ఎక్కాలు చదువుకుంటున్న గొంతు వినిపిస్తోంది. రమాదేవి ఆ గొంతు విన్నది.

"గడప దాటి ఎప్పుడూ రాలేదమ్మా" అంది.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. రాధిక ఆమె ముఖంలోకి ఒక నిమిషం చూసింది. తర్వాత పిల్లాణ్ణి ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకుని, ఠీక్ హై అని మొగుడితో చెప్పింది.

అమావాస్యకి ముందే వాళ్ళు సామాను దించారు. ఎంతో లేదు. ఒక మంచం, రెండు ట్రంకులు, స్టవ్, కొత్త పరుపు. ఆ పరుపుని నాగేంద్రా మరో మనిషీ నెత్తిన పెట్టుకుని వస్తుంటే రమాదేవి పిట్టగోడ దగ్గర నిలబడి చూసింది. మంచం ఏ గదిలో వేస్తారో అని చూసింది. పెరటి వైపు గదిలో వేశారు. స్నానాల గది పక్కనే.

ఆ రోజు నుంచి ఆమెకు చెవులు కింద ఉండిపోయాయి. పిల్లాడు ఏడిస్తే, బకెట్ జరిపిన చప్పుడైతే, నీళ్ళు పోసుకుంటే, చేతిలో పని ఆగిపోయేది. తూముకి అడ్డం పెట్టిన గుడ్డ తీశారా? తీయకపోతే స్నానం నీళ్ళు ఎటు పోతున్నాయి? అడగాలి. అడిగితే ఎందుకు పెట్టావంటుంది. చంద్రుడు సన్నబడుతున్న కొద్దీ సిప్పీఘాట్‌లో నీళ్ళు రోజూ కొంచెం పైకి వస్తున్నాయి. మునిగిన రోడ్డు పక్కన పాతిన గుంజల మీద తడి మచ్చ పెరుగుతోంది. రెండుసార్లు మెట్ల సగం దాకా దిగి, చెప్పేద్దామని దిగి, ధరణి పైనుంచి ఎక్కడికమ్మా అనగానే వెనక్కి వచ్చేసింది. ఇప్పుడు చెబితే వాళ్ళు ఖాళీ చేస్తారు. వెంకటాచలం పైకి వస్తాడు. చెప్పులు విప్పుకుని, మంచి మాటలాగే చెబుతాడు.

అమావాస్య ముందు రోజు రాధికే పైకి వచ్చింది. చేతిలో ఖాళీ జామ్ సీసాలు మూడు. నాకూ నేర్పు దీదీ అంది. పిల్లాణ్ణి ధరణి ఒళ్ళో పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే వాడి మెడ కింద చెయ్యి వేసి పట్టుకుంది.

రమాదేవి ప్రాణం లేచి వచ్చినట్టు నేర్పింది. వంటసోడా ఎంత పొయ్యాలో, నూనె ఎన్ని చుక్కలు దాటకూడదో, గుడ్డ నేత ఎంత పలచగా ఉండాలో చెప్పింది. స్పిరిట్ కలిపింది పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళవద్దంది. లవంగ నూనె ఘాటైనది, చంటిపిల్లాడున్న గదిలో పెట్టవద్దు, నిమ్మగడ్డి కూడా ఉయ్యాలకి దూరంగా, కిటికీ దగ్గరే ఉంచాలంది. ఆ మాట అంటుంటే తను కింద నాలుగు మూలలా పెట్టిన సీసాలు గుర్తొచ్చాయి. రాధిక శ్రద్ధగా వింది. చుక్కలు వేసేటప్పుడు నాలుక కొస పెదవి మీద పెట్టుకుని లెక్క పెట్టింది. మూడో సీసా గుడ్డకి దారం బిగిస్తూ తల ఎత్తకుండా అంది.

"తూములో ఆ చీర ముక్క మీదేనా దీదీ?"

రమాదేవి చేతిలో డ్రాపర్ ఆగిపోయింది.

"సామాను దించిన రోజే తీసీసాను. కంపు నాకు ముందే తెలిసింది. గేటు కాడే. లిటిల్ అండమాన్ హట్‌బేలో మా ఇంటి కాడ ఇదే కంపు, అదే ఉప్పు. గోడ మీద సెయ్యేస్తే సాలు, నీళ్ళు ఎక్కడి దాకా ఒచ్చాయో సెప్పగలను."

"తెలిసీ ఎందుకు తీసుకున్నావు?" రమాదేవి అడిగింది.

"రేకుల క్యాంపులో ఉన్నాం దీదీ ఇన్నాళ్ళూ. ఎండకి ఈడికి ఒళ్ళంతా పొక్కులు. ఇంకెక్కడా ఇల్లు లేదు. నీళ్ళొస్తే మంచమెక్కి కూర్చుంటాం, పోతాయి. దానికి నాకు డర్ లేదు." దారం ముడి వేసి పళ్ళతో తెంపింది. "నీళ్ళ సంగతి కోసం నాను మిమ్మల్ని అడగలేదు. పైనున్న మనిషి ఎలాటిదో తెలుద్దామని అడిగాను. సునామీ రోజు మా పక్క క్వార్టర్‌లో మేడ మీదోళ్ళు తలుపు తీయలేదు. ఆళ్ళకీ భయమే, ఏటీ అనను. కొట్టి కొట్టి కొండకి పరిగెట్టాం. అప్పటికి ఈడు కడుపులో ఉన్నాడు. బస్, అప్పటి నుంచి ముందే తెలుసుకుంటాను. ఆపదొస్తే పిలవొచ్చా, పిలవకూడదా అని."

రమాదేవి ఏదో అనబోయింది. ధరణి పిల్లాణ్ణి ఆడిస్తున్నదల్లా తల తిప్పి తల్లిని చూసింది. రమాదేవి డ్రాపర్ కడగడానికి లేచింది.

రాధిక కోపంగా లేదు. సీసాలు మూడూ కొంగులో వేసుకుని, లోహిత్‌ని ఎత్తుకుని, బాగా నేర్పేరు దీదీ అని చెప్పి దిగిపోయింది.

రాత్రి సత్యారావు ఏమైందని అడిగాడు. ఏం లేదంది.

మర్నాడు పొద్దుటి నుంచి వాన. సత్యారావు ధరణిని స్కూలుకి తీసుకెళ్ళబోతే రమాదేవి వద్దంది. అమావాస్య, పైగా వాన, రోడ్డు మునుగుతుంది. అతను గొడుగు వేసుకుని ఒక్కడే వెళ్ళాడు. నాగేంద్ర అంతకు ముందే డ్యూటీకి వెళ్ళిపోయాడు, చౌల్దారీ వైపు లైను తెగిందట.

అన్నం ఉడుకుతుండగా కింద గుడగుడమని చప్పుడు వినిపించింది.

రమాదేవి పొయ్యి కట్టేసి మెట్ల మీదకి వచ్చింది. మెట్లు ఇంటి పక్కగా, వాకిట్లోంచి పైకి ఉన్నాయి. కురిసిన వాన పోయే దారి లేక వాకిట్లోనే నిలిచింది, దాని అడుగు నుంచి ఉప్పునీరు పైకి తోస్తోంది. కింది మెట్టు అప్పుడే కనబడటం లేదు. లోపల ట్రంకు ఈడ్చిన చప్పుడు. ఏదో గిన్నె పడింది. పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఇప్పుడు పిలుస్తుంది అనుకుంది రమాదేవి. దీదీ అని ఒక్కసారి పిలిస్తే చాలు. తలుపు తీసే ఉంది. దుప్పటి పరిచి ఉంది. పాలు కాచి ఉన్నాయి. ఆమె చెవులు రిక్కించి నిలబడింది. ట్రంకు చప్పుడు ఆగింది. చీపురుతో నీళ్ళు తోస్తున్న చప్పుడు వచ్చింది. పిలుపు రాలేదు.

చీపురు చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. ఆగిన ప్రతిసారీ రమాదేవి ఊపిరి బిగబట్టింది.

పిలుపు రాదని ఆమెకు తెలిసిపోయింది. మంచం మునిగినా రాదు.

ఒక్కో మెట్టూ దిగింది. ఆరిన ఆఖరి మెట్టు మీద నిలబడి కాళ్ళ ముందు నల్లగా ఊగుతున్న నీళ్ళు చూసింది. సునామీ రోజు తర్వాత ఆమె ఆ నీళ్ళలో కాలు పెట్టలేదు. రోడ్డు తడిసినా చుట్టూ తిరిగి వెళ్ళేది. పైనుంచి ధరణి ఏడుపు గొంతుతో అమ్మా, దిగకు అంటోంది. రమాదేవి గోడ పట్టుకుని కాలు దించింది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. చల్లగా ఉంటాయనుకుంది. అరికాలి కింద బురద జారింది.  చీర మోకాళ్ళ దాకా ఎత్తి, గోడ వెంబడి చేత్తో తడుముకుంటూ గుమ్మంలోకి వెళ్ళింది.

రాధిక ట్రంకుల్ని స్టవ్ గట్టు మీదకి ఎక్కించింది. పరుపు ఒక కొస అప్పుడే తడిసింది. పిల్లాణ్ణి చీరతో వీపుకి కట్టుకుని ఉంది. వాడు ఊపిరాడనట్టు ఏడుస్తున్నాడు. రమాదేవిని చూసి చీపురు ఆపింది. 

రమాదేవి దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ చాపింది.

"వాణ్ణియ్యి. పైకి తీసుకెళ్తాను."

రాధిక ఆ చేతుల వంక చూసింది. పైకి వెళ్ళిన చేతులు తలుపు వేసుకోగలవని ఆమెకు తెలుసు. నీళ్ళు మంచం కోళ్ళకి కొట్టుకుంటున్నాయి.

"ధరణిని పిలవండి" అంది. "దానికిస్తాను."

రమాదేవికి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, తన పిల్ల కూడా ఈ నీళ్ళ దాకా దిగితేనే రాధిక నమ్ముతుంది. వెనక్కి తిరిగి గుమ్మంలోంచి చూసింది. ధరణి మెట్ల మీద, బాగా పైన, మోకాళ్ళు కావిలించుకుని కూర్చుని ఉంది. వాన చినుకులు ఆ పిల్ల మీదా ఈ నీళ్ళ మీదా ఒకేలా పడుతున్నాయి. ఇన్ని నెలలూ ఆ పిల్లకీ ఈ నీళ్ళకీ మధ్య ఎంత దూరం వీలైతే అంత దూరం తను కూడబెట్టుకుంటూ వచ్చింది.

"ధరణీ" అని పిలిచింది. వాన చప్పుడులో వినబడలేదు. మళ్ళీ పిలిచింది. "కిందకి రామ్మా. ఆరిన మెట్టు దాకా."

ధరణి తల అడ్డంగా ఊపింది. రమాదేవి గుమ్మం దాటి మెట్ల దగ్గరికి వచ్చింది. రమ్మని చెయ్యి చాపి నీళ్ళలో నిలబడింది. అమ్మ నీళ్ళలో నిలబడటం ఆ పిల్ల చాలాసేపు చూసింది. తర్వాత లేవకుండానే, కూర్చునే, గోడకి ఒక చెయ్యి ఆనించి, ఒక్కో మెట్టూ జారుతూ దిగింది. నీళ్ళకి రెండు మెట్ల పైన ఆగి, కాళ్ళు ముడుచుకుంది.

రాధిక వీపు మీది ముడి విప్పి పిల్లాణ్ణి ముందుకు తెచ్చుకుంది. నీళ్ళలో నెమ్మదిగా నడిచి వచ్చి, చీరతో సహా వాణ్ణి ధరణి ఒళ్ళో పెట్టింది.

"తల కింద సెయ్యి, బేటా. అలాగే. గట్టిగా వద్దు."

రమాదేవి కింద రెండు అరచేతులూ తెరిచి పట్టుకుని నిలబడింది, ఎవరు జారినా అందేలా. ఎవరూ జారలేదు. పిల్లాడు వెక్కుతూ వెక్కుతూ తగ్గాడు. ధరణి నీళ్ళ వైపు చూడటం మానేసి వాడి నోటి మీద పడిన చినుకు తుడిచింది.

"రండి దీదీ" అని రాధిక లోపల నుంచి పిలిచింది. "పరుపు ఆ కొస పట్టండి."

మెట్ల మీదకి ఇంకా ఎక్కుతున్నాయి నీళ్ళు. పరుపు పట్టాలంటే లోపలికి వెళ్ళాలి, పిల్లల వైపు వీపు తిప్పాలి. రమాదేవి పిల్లల్ని ఒకసారి చూసుకుంది. వీపు తిప్పి, లోపలికి నడిచింది.